పూత నిండా ఉంది, పిందె ఏదీ?

బీరపాదు వేసిన రైతు అడుగుతాడు, పెరట్లో గుమ్మడి పెట్టిన ఇల్లాలు అడుగుతుంది, మేడ మీద కుండీల్లో సొర పాకించిన ఉద్యోగి అడుగుతాడు: "పూత విరగబూసింది. పిందె మాత్రం నిలవడం లేదు. వేలెడంత కాకముందే పసుపుబారి రాలిపోతోంది. ఏం మందు కొట్టాలి?"

మందుల దుకాణంలో ఈ ప్రశ్నకు జవాబు చిటికెలో దొరుకుతుంది. పూత ఆగడానికి ఒక సీసా, పిందె నిలవడానికి ఇంకో సీసా, ఎందుకైనా మంచిదని ఒక తెగులు మందు పొట్లం. బోరాన్ లోపం కావచ్చు, నీటి ఎద్దడి కావచ్చు, ఎండదెబ్బ కావచ్చు, పండుఈగ కుట్టి ఉండవచ్చు. ఇవన్నీ జరిగేవే. అయితే వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ పువ్వు విచ్చుకున్న పూట దాని మీద ఏదైనా పురుగు వాలిందా, లేదా?

వాలకపోతే ఏ మందూ పనిచేయదు. ఎందుకు వాలలేదో తెలియాలంటే పాదు దగ్గర కూర్చుంటే సరిపోదు. గట్టు చూడాలి, డొంక చూడాలి, ఊరి చివరి గుట్ట చూడాలి. కాయ పొలంలో కాస్తుంది గానీ, కాయించే ఈగ చాలావరకు పొలం బయట బతుకుతుంది. ఆ బయటి నేల ముక్కలై, సన్నబడి, కొన్నిచోట్ల ఆనవాలు లేకుండా పోతుంటే కాయకు ఏమవుతుందన్నది ఇవాళ ఎన్నో దేశాల్లో శాస్త్రజ్ఞులు ఊరూరా తిరిగి తేలుస్తున్న ప్రశ్న. ఈ అధ్యాయం దాని గురించే.

పువ్వు చేసేది సగం పనే

తీగజాతి కూరగాయల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వును గుర్తుపట్టడం తేలిక. రెక్కల కింద బుల్లి కాయ ఒకటి అతుక్కుని ఉంటుంది. చూసినవాళ్లు పిందె పడిందని మురిసిపోతారు. అది అప్పటికింకా పిందె కాదు, పిందె కావడానికి సిద్ధంగా ఉన్న తిత్తి. మగపువ్వులోని పుప్పొడి వచ్చి ఆడపువ్వు నడిమి మొన మీద, అంటే కీలాగ్రం మీద పడి, లోపలికి దిగి గింజ కట్టిస్తేనే ఆ తిత్తి కాయగా ఎదుగుతుంది. పుప్పొడి అందకపోతే మొక్క రెండు మూడు రోజులు చూసి దాన్ని వదిలేస్తుంది. రాలిన పిందె అని మనం బాధపడేది చాలాసార్లు ఇదే.

గుమ్మడి, దోస, పుచ్చ పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది. గాలికి ఎగరదు. ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. ఒకటి రెండు రేణువులతో పని జరగదు, ఒక్కో గింజకు ఒక్కో రేణువు కావాలి. పుచ్చకాయ నిండుగా ఎదగాలంటే కీలాగ్రం మీద 500 నుంచి 1,000 రేణువుల దాకా పడాలి. తక్కువ పడినా, ఒక పక్కనే పడినా, గింజ కట్టిన వైపు కండ పట్టి రెండో వైపు నొక్కుకుపోతుంది. సంతలో బేరగాడు పక్కకు తీసిపెట్టే వంకర కాయల్లో కొన్నిటి కథ ఇది.

పుప్పొడి ఇలా చేరవలసిన చోటికి చేరడాన్ని పాఠ్యపుస్తకాలు పరాగ సంపర్కం అంటాయి. మోసే జీవులకు ఇంగ్లీషు పేరు పాలినేటర్లు. మనం సులువుగా పుప్పొడి మోసేవి అందాం. తేనెటీగలు, తుమ్మెదలు, సీతాకోకచిలుకలు, పూల ఈగలు, పెంకు పురుగులు, గబ్బిలాలు, పిట్టలు అన్నీ ఇందులోకి వస్తాయి. సీతాఫలం పువ్వులోకి దూరేది గింజంత పెంకు పురుగు. దాన్ని చూసి తెగులు అనుకుని మందు కొట్టేవారూ లేకపోలేదు.

అన్ని పంటలకూ వీటి అవసరం లేదు. వరి తనంతట తానే గింజ కడుతుంది. మొక్కజొన్నకు గాలి చాలు. కాబట్టి పుప్పొడి మోసేవి తగ్గినంత మాత్రాన కంచంలో అన్నం తగ్గదు. అన్నం పక్కన ఉండే కూర, పండు, నూనెగింజ తగ్గుతాయి. అలెగ్జాండ్రా-మరియా క్లైన్, ఆమె సహచరులు 2007లో ప్రకటించిన లెక్క ప్రకారం, ప్రపంచంలోని 115 ముఖ్యమైన ఆహార పంటల్లో 87 పంటలకు జంతువుల సాయం ఎంతో కొంత కావాలి. తూకంలో ఇవి ప్రపంచ ఆహారోత్పత్తిలో 35 శాతం. మిగతా పంటలు తూకంలో ఎక్కువే, కానీ విటమిన్లు, ఖనిజాల్లో పెద్ద వాటా ఈ 87 పంటల వైపే ఉంది.

ఈ పని మనిషి చేయవలసి వస్తే ఎంత ఖర్చవుతుందో జోగులాంబ గద్వాల జిల్లాలో పత్తి విత్తనం పండించే రైతును అడిగితే తెలుస్తుంది. అక్కడ క్రాసింగ్ రోజుల్లో కూలీలు సాయంత్రం పూట చేలోకి దిగి, మర్నాడు విచ్చబోయే మొగ్గను ఎంచి, గోటితో పొర చీల్చి కేసరాలు తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి ఆ మొగ్గ కీలాగ్రానికి రుద్దుతారు. ఒక్క కాయకు రెండుసార్లు మనిషి చెయ్యి తగలాలి. సాళ్ల పొడవునా, వారాల తరబడి ఇదే పని. విత్తనం ఏ తల్లికి, ఏ తండ్రికి పుట్టిందో కచ్చితంగా తెలియాలి కాబట్టి అక్కడ ఈగను నమ్మరు, మనిషిని పెడతారు. ఆ విత్తనానికి వచ్చే ధర ఆ కూలిని మోయగలదు. బీరకాయ ధర మోయలేదు. చైనాలోని సిచువాన్ రాష్ట్రం హాన్‌యువాన్ ప్రాంతంలో బేరిపండు తోటల రైతులు చెట్లెక్కి బ్రష్షులతో పుప్పొడి అద్దిన సంగతి ప్రపంచమంతా చెప్పుకుంది. కూలి పెరిగేకొద్దీ ఆ పద్ధతి వాళ్లకూ భారమైంది.

ఒక్కో పువ్వుకు ఒక్కో వేళ, ఒక్కో చుట్టం

గుమ్మడిపువ్వు తెల్లవారుజామునే విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. దోస, కాకర పొద్దున పూట పువ్వులు. బీరపువ్వు మాత్రం సాయంత్రం, పొద్దువాలే వేళకు విచ్చుకుంటుంది. సొర తెల్లపువ్వు కూడా అంతే. ఆ వేళకు తిరిగే ఈగలు, రాత్రి పూట ఎగిరే రెక్కపురుగులు వాటికి దిక్కు. కుండీల్లో బీర పెంచేవారు పొద్దున లేచి మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దితే ఫలితం రాకపోవడంలో వింత లేదు. ఆ పని సాయంత్రం చేయాలి.

వేళ కుదిరినా పని తెలిసిన పురుగే రావాలి. వంగ పువ్వును దగ్గరగా చూడండి. ఊదారంగు రెక్కల మధ్య పసుపుపచ్చని కేసరాలు మొనదేలి గుంపుగా నిలబడి ఉంటాయి. ఒక్కో కేసరం ఒక మూసిన గొట్టం. కొసన మాత్రం సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది. పుప్పొడి ఆ గొట్టంలో ఉంది. పువ్వులో తేనె లేదు. మన తేనెటీగలకు ఆ గొట్టం తెరిచే విద్య రాదు. నల్లగా నిగనిగలాడే తుమ్మెద వచ్చి కేసరాల గుంపును కాళ్లతో, దవడలతో కరుచుకుంటుంది. రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను అదిరిస్తుంది. ఎగిరేటప్పుడు వచ్చే చప్పుడుకంటే సన్నగా, పదునుగా ఒక రొద వినిపిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రాల్లోంచి జల్లున రాలి తుమ్మెద పొట్ట మీద పడుతుంది. అది ఇంకో పువ్వు పట్టుకోగానే ఆ పొట్ట మీది పుప్పొడి కాస్త దాని కీలాగ్రానికి అంటుకుంటుంది. దీన్ని రొదపెట్టి రాల్చడం అనవచ్చు. శాస్త్రజ్ఞులు బజ్ పాలినేషన్ అంటారు. తుమ్మెద రాకపోయినా గాలి కుదుపుకు వంగ కొంత కాస్తుంది. వస్తే కాయలు పెరుగుతాయి, నిండుగా ఉంటాయి.

తంగేడు పువ్వుదీ ఇదే నిర్మాణం. దానికీ తేనె లేదు, దాని పుప్పొడీ కేసరం కొసన ఉన్న రంధ్రంలోంచే రావాలి. కాబట్టి తంగేడు పొదల మీద తిరిగేదీ రొదపెట్టే విద్య వచ్చిన ఈగలే. బతుకమ్మకు తంగేడు ఏరుకునే గట్టుకూ, ఆ పక్క వంగతోటకూ మధ్య ఉన్న చుట్టరికం ఇది. వంగకు పూత లేని నెలల్లో తుమ్మెదను పోషించేది ఇటువంటి పొదలే. గట్టు మీది తంగేడును నరికేసినవాడు తన వంగతోట పనివాళ్లను పంపేసినట్టే.

ఈగకు కావలసినవి మూడు

తేనెటీగ అనగానే మనకు తెట్టె గుర్తొస్తుంది. కొండచరియలకు, పెద్ద చెట్లకు, ఊళ్లో వాటర్ ట్యాంకులకు వేలాడే పెద్ద తెట్టె, పొదల్లో అరచేయంత చిన్న తెట్టె, చెట్టు తొర్రల్లో పుట్టల్లో వరసలు వరసలుగా పెట్టే తొర్రతేనె. ఇవి గుంపుగా బతికేవి. భారతదేశంలో నమోదైన ఈగ జాతులు 700కు పైగా ఉన్నాయి. వాటిలో చాలా భాగం తెట్టె పెట్టవు. ప్రతి ఆడ ఈగా తన గూడు తానే కట్టుకుని, తన పిల్లలకు తానే మేత మోస్తుంది. వీటిని ఒంటరి ఈగలు అందాం. గులాబీ ఆకు అంచున కత్తెరతో గుండ్రంగా కోసినట్టు కనిపిస్తే అది పురుగు తినేసినది కాదు. ఆకుకోత ఈగ ఆ ముక్కను తీసుకెళ్లి తన గూట్లో గుడ్డుకు పొత్తిలిగా చుట్టింది. ఆ జాతి ఈగలే కందిచేను పూత మీద తిరుగుతాయి.

ఈగ ఎక్కడ నిలుస్తుందో అర్థం కావాలంటే కూలికి పోయే కుటుంబాన్ని తలుచుకోవాలి. ఆ కుటుంబం ఒక ఊళ్లో నిలవాలంటే ఉండడానికి గుడిసె కావాలి. ఏడాది పొడవునా ఏదో ఒక పని దొరకాలి. ఆ పని, చంటిబిడ్డను ఇంట్లో వదిలి నడిచి వెళ్లి మళ్లీ పాలవేళకు రాగలిగినంత దూరంలో ఉండాలి. నాట్ల ఇరవై రోజులే పని ఉండి మిగతా కాలం ఏమీ లేకపోతే ఆ కుటుంబం మూటాముల్లె సర్దుకుంటుంది. పాలమూరు వలసల చరిత్ర తెలిసినవారికి ఇది వివరించనక్కరలేదు. ఈగ లెక్కా సరిగ్గా ఇదే.

మొదటిది గూడు. తుమ్మెదకు ఎండుకొమ్మ, వెదురు బొంగు, పాత దూలం కావాలి. నడుం మీద నీలిచారలుండే ఈగకు వాగు ఒడ్డు, మట్టిగోడ కావాలి. ఒంటరి ఈగల్లో చాలా జాతులు నేలలోనే బొరియ తవ్వుకుంటాయి. దున్నని నేల, గడ్డి మరీ దట్టంగా కమ్మని నేల చూసుకుంటాయి. ఏటా రెండు మూడుసార్లు ట్రాక్టరు తిరిగే చేను వాటికి ఇల్లు కాలేదు.

రెండోది ఏడాది పొడవునా మేత. పొద్దుతిరుగుడు చేను పూసినప్పుడు పండగే. రెండు మూడు వారాల్లో ఆ పండగ ముగుస్తుంది. తర్వాత ఏమిటి? వేసవిలో వేప, కానుగ, చింత పూస్తాయి. వానలు పడ్డాక తుమ్మి, తంగేడు, గునుగు. ఆపైన రేగు. జిల్లేడు దాదాపు ఎప్పుడూ పూస్తూనే ఉంటుంది, తుమ్మెదకు అది ఇష్టం. ఈ వరసలో ఒక నెల ఖాళీ పడితే ఆ నెల దాటలేని ఈగ మరుసటి పంటకు ఉండదు.

మూడోది దూరం. కొండల్లో తెట్టె పెట్టే పెద్ద తేనెటీగ కిలోమీటర్ల దూరం పోయి రాగలదు. చిన్న ఒంటరి ఈగలు అంత దూరం పోలేవు. జర్మనీలో గాట్‌మన్, చార్న్‌ట్కే అనే పరిశోధకులు 2002లో తేల్చినదాని ప్రకారం వాటి మేత దూరం గరిష్ఠంగా 150 నుంచి 600 మీటర్లు. గూడు దగ్గర పువ్వు లేకపోయినా, పువ్వు దగ్గర గూడుకు చోటు లేకపోయినా వాటికి ఆ ఊరు పనికిరాదు.

ముక్కలైన నేల

మన పల్లె చుట్టూ ఒకప్పుడు ఈ మూడూ కలిసి దొరికేవి. ఎడ్లబండి పోయే డొంక, రెండు పక్కలా ముళ్లపొదలు. పొలానికి పొలానికి మధ్య మనిషి పడుకునేంత వెడల్పు గట్టు. వాగు ఒడ్డున ఈతచెట్లు, చెరువుకట్ట మీద తుమ్మలు, ఊరుమ్మడి బీడు, ఆపైన గుట్ట. ఇదంతా పంట పండని నేలే. రెవెన్యూ లెక్కల్లో కొంత పోరంబోకు, కొంత బంజరు.

తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని గట్లు చెక్కేశారు. డొంకలు కలుపుకున్నారు. గ్రానైటు కోసం గుట్టలు తొలిచారు. రోడ్డు పక్క పొలాలు వెంచర్లయ్యాయి. మిగిలిన గట్టు మీద గడ్డిమందు పడింది, పూసే మొక్కా పూయని మొక్కా కలిసి మాడిపోయాయి. చెట్లు పెట్టినచోట కూడా మైళ్ల తరబడి ఒకే జాతి జామాయిల్, ఒకే జాతి సుబాబుల్. ఇలా మిగిలిన పచ్చని తునకల మధ్య దూరం పెరుగుతూ పోవడాన్నే శాస్త్రజ్ఞులు ఫ్రాగ్మెంటేషన్ అంటారు. మనం నేల ముక్కలవడం అందాం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ముక్కలవడం వేరు, మాయమవడం వేరు. ఊరికి ఒక మూలన ఇరవై ఎకరాల బీడు ఒక్కచోటే ఉందనుకుందాం. అదే ఇరవై ఎకరాలు అరెకరం, ఎకరం చొప్పున ఊరంతా చెదిరి ఉందనుకుందాం. అడవి పిల్లికీ, నెమలికీ మొదటిదే మేలు. కూరగాయల పొలానికి మాత్రం రెండోది లాభించవచ్చు, ఎందుకంటే ప్రతి పొలానికీ 300 మీటర్లలోపు ఏదో ఒక గూడు ఉంటుంది. కాబట్టి చిన్న తునక అని తీసిపారేయనక్కరలేదు. ప్రమాదమంతా మొత్తం విస్తీర్ణం తగ్గిపోయి, తునకల మధ్య దూరం ఈగ దాటలేనంత పెరిగినప్పుడు.

చిన్న తునక ఒంటరిగా మిగిలితే ఎక్కువ కాలం నిలవదని కూడా గుర్తుంచుకోవాలి. మెకార్థర్, విల్సన్ అనే ఇద్దరు అమెరికన్లు 1967లో సముద్ర దీవుల గురించి ఒక సూత్రం చెప్పారు: దీవి ఎంత చిన్నదైతే, తీరానికి ఎంత దూరమైతే, అక్కడ జాతులు అంత తక్కువ. పత్తిచేల నడుమ మిగిలిన గుట్ట కూడా ఒక దీవే. అక్కడ ఒక ఈగ జాతి ఏదో ఏడాది కరువుకు పోతే బయటి నుంచి వచ్చి ఆ ఖాళీ నింపేవారు ఉండరు. ఈగ పోయాక ఆ గుట్ట మీది మొక్కలకు గింజ తగ్గుతుంది. గింజ తగ్గితే మొక్క తగ్గుతుంది, దాంతో మేత తగ్గుతుంది. అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు రామిరో అగిలార్, సహచరులు 2006లో 89 మొక్క జాతుల మీద అప్పటికి జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నేల ముక్కలైనచోట మొక్కలు కాయలు, గింజలు కట్టడం తగ్గిందని తేలింది. తన పుప్పొడితో తాను గింజ కట్టలేని మొక్కలకు దెబ్బ ఎక్కువగా తగిలింది.

ఈ లెక్క ఎలా తేలుస్తారు?

ఈగలు తగ్గాయి అనడం తేలిక. ఎన్ని తగ్గాయి, వాటివల్ల కాయ ఎంత తగ్గింది, కారణం బీడు పోవడమా, మందా, వానా అన్నది విడదీయడం కష్టం. ఈ పనికి కుదిరిన పరిశోధకుడి మొదటి నెలలు ఉపగ్రహ చిత్రాల ముందే గడుస్తాయి. ఒకే పంట వేసే కొన్ని ఊళ్లు ఎంచుకుంటాడు. ప్రతి పొలం చుట్టూ కిలోమీటరు వలయం గీసి, అందులో దున్నని నేల ఎంత శాతమో కొలుస్తాడు. బీడు ఎక్కువున్న పొలం నుంచి బొత్తిగా లేని పొలం దాకా ఒక వరస తయారవుతుంది. పంట, రకం, నీరు దాదాపు ఒకటే అయి, చుట్టుపట్టు నేల మాత్రమే మారేలా చూసుకోవడం ఇందులో కిటుకు.

తర్వాత మోటారు సైకిల్, వల, సీసాలు, నోటుబుక్కు. పూత కాలంలో పొలంలో కొలిచిన గీత వెంట, కొలిచిన సమయం నడుస్తూ పువ్వు మీద వాలిన ప్రతి పురుగునూ రాసుకోవాలి. నీలం, తెలుపు, పసుపు గిన్నెల్లో సబ్బునీళ్లు పోసి పెడితే పువ్వనుకుని వచ్చి పడే పురుగులు ఇంకో లెక్క. పట్టిన ఈగ ఒంటి మీది పుప్పొడిని సూక్ష్మదర్శినిలో చూస్తే అది ఏ పువ్వు నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఎంత దూరం నుంచి వచ్చిందో కొన్నిసార్లు తేనెటీగే చెబుతుంది. మేత దొరికిన చోటి దిక్కునూ దూరాన్నీ అది తెట్టె మీద ఆడే ఆటతో తోటివారికి తెలుపుతుందని కనిపెట్టిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. వీటన్నిటికంటే కష్టమైన పని పట్టిన పురుగుకు పేరు పెట్టడం. రెండు ఒంటరి ఈగల మధ్య తేడా ఒక్కోసారి రెక్కలోని ఒక్క నరం దగ్గర ఉంటుంది. ఆ తేడా చెప్పగల నిపుణులు మన దేశంలో అతి కొద్దిమంది.

అసలు తీర్పు చెప్పేది మూడు పువ్వుల పరీక్ష. ఒకే తోటలో కొన్ని ఆడపువ్వులకు విచ్చకముందే సన్నని వలగుడ్డ సంచి కడతారు, ఏ పురుగూ తగలకుండా. కొన్నిటిని అలాగే వదిలేస్తారు. ఇంకొన్నిటికి పుప్పొడిని చేత్తో పుష్కలంగా అద్దుతారు. సంచి కట్టినవి కాయకపోతే ఆ పంటకు పురుగు తప్పనిసరి అని అర్థం. వదిలేసిన పువ్వుల కాపు, చేత్తో అద్దిన పువ్వుల కాపుకు సమానంగా ఉంటే ఆ పొలానికి ఈగల కొదవ లేదు. వదిలేసినవి వెనకబడితే ఆ తేడాయే పుప్పొడి కరువు. ఎరువు ఎంత వేసినా, మందు ఎంత కొట్టినా ఆ తేడా పూడదు. ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. పాత దోమతెర ముక్క, దారం ఉన్న రైతు ఎవరైనా చేసుకోవచ్చు.

ఇలాంటి కొలతల్లో పేరుపడ్డది కోస్టారికా కాఫీ తోట కథ. టేలర్ రికెట్స్ బృందం 2004లో ప్రకటించిన ఫలితాల్లో, అడవి తునకలకు కిలోమీటరు లోపున్న కాఫీ మొక్కలకు కాపు 20 శాతం ఎక్కువ వచ్చింది. ధర తగ్గించే ఒంటిగింజ కాయలు 27 శాతం తగ్గాయి. 46 హెక్టార్లు, 111 హెక్టార్లున్న రెండు అడవి తునకలు ఆ ఒక్క తోటకు ఏటా సుమారు 60,000 డాలర్ల విలువైన పని చేసిపెట్టాయి. పాడేరు, అరకు కొండల్లో నీడచెట్ల కింద కాఫీ పండించే గిరిజన రైతులకు ఈ లెక్క పరాయిది కాదు, వాళ్ల మొక్కలదీ ఆ అరబికా జాతే. నాలుగేళ్ల తర్వాత రికెట్స్, తదితరులు 5 ఖండాల్లో 16 పంటల మీద జరిగిన 23 అధ్యయనాలు కలిపి చూశారు. సహజమైన నేల నుంచి దాదాపు 600 మీటర్లు దూరం జరిగేసరికి పువ్వుల మీద స్థానిక ఈగలు వాలడం సగానికి పడిపోయింది.

మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన పార్థిబ బసు, సహచరులు 2011లో కూరగాయల దిగుబడి లెక్కలు తిరగేసి, పురుగు అవసరం లేని పంటల దిగుబడి పెరుగుతూ పోగా, పురుగు మీద ఆధారపడేవి ఆ వేగం అందుకోలేకపోతున్నాయని చూపారు. తూర్పు కనుమల మొక్కలకు ఏ ఈగ ఏ వేళ వస్తుందో దశాబ్దాలుగా నమోదు చేసిన పేరు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానిది. సి. సుబ్బారెడ్డి, ఎ.జె. సాల్మన్ రాజు వంటివారు వేసిన ఆ పునాది మీద పొలాల లెక్క కట్టవలసిన పని ఇంకా మిగిలే ఉంది.

పెట్టెలు తెచ్చి పెడితే చాలదా?

పొద్దుతిరుగుడు, పుచ్చ రైతులు తేనెటీగల పెట్టెలు పెట్టించుకోవడం మంచిదే. పూత కాలంలో అవి పనికొస్తాయి. అయితే పెట్టె ఈగ ఒక్కటే అన్ని పనులూ చేయలేదు. రొదపెట్టి రాల్చడం దానికి రాదు, సాయంత్రం పువ్వుల దగ్గర అది కనబడదు. లూకాస్ గరిబాల్డి నాయకత్వంలో పెద్ద బృందం ప్రపంచమంతటా 41 పంట ప్రాంతాలు చూసి 2013లో తేల్చింది: అడవి పురుగుల రాక పెరిగినప్పుడు కాయ పట్టడం పెరిగినంతగా, పెట్టె తేనెటీగల రాక అంతే పెరిగినా పెరగలేదు. తేడా రెండింతలు.

ఒకే జాతిని నమ్ముకోవడంలో గండం కూడా ఉంది. 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణ భారతదేశంలో పెంచుతున్న తొర్రతేనెటీగలను దాదాపు తుడిచిపెట్టింది. నాలుగు రకాల ఈగలున్న ఊళ్లో ఒకటి పోతే మిగిలిన మూడు ఎంతో కొంత పని అందుకుంటాయి. ఒక్కటే ఉన్న ఊళ్లో ఆ ఏడు కాపు పోయినట్టే.

పురుగును తెచ్చి వదిలి గెలిచిన కథ ఒకటుంది. మలేసియాలో పామాయిల్ గెలలకు మనుషులే పుప్పొడి చల్లేవారు. 1981లో ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి ఒక ముక్కుపురుగును తెచ్చి వదిలారు, మనుషుల పని తప్పింది. తర్వాత అది మన దేశానికీ వచ్చింది. ఇవాళ గోదావరి జిల్లాల్లో, ఖమ్మం వైపు గెలలు నిండుతున్నది దాని పుణ్యమే. అది ఎందుకు నెగ్గింది? పామాయిల్ మగపూతే దానికి ఇల్లు, అదే మేత, గుడ్లు పెట్టేదీ అందులోనే. గూడు, మేత, దూరం మూడూ ఒక్క చెట్టులో కుదిరాయి. బీరకు, వంగకు, కందికి, మామిడికి అలాంటి పురుగు లేదు. వాటి పురుగులకు గూడు వేరే చోట ఉంటుంది.

గట్టుకు ఎంత వదలాలి?

పండే నేల వదిలితే నష్టం కాదా అని రైతు అడగడం న్యాయమే. ఇంగ్లండులోని హిల్స్‌డెన్ అనే 900 హెక్టార్ల వాణిజ్య క్షేత్రంలో ఈ ప్రశ్ననే పరీక్ష పెట్టారు. పొలం అంచుల్లో కాపు తక్కువగా వచ్చే నేలలోంచి కొన్నిచోట్ల 3 శాతం, కొన్నిచోట్ల 8 శాతం పూల మొక్కలకు, గడ్డికి వదిలారు. 2015లో రిచర్డ్ పైవెల్ బృందం ప్రకటించిన ఫలితం: పంట నేల తగ్గినా మొత్తం దిగుబడి తగ్గలేదు. చిక్కుడు జాతి పంట అయితే పెరిగింది. అది అక్కడి వాతావరణం, అక్కడి పంటలు. మన ఎర్రనేలలో, నల్లరేగడిలో ఎంత శాతం వదిలితే సరిపోతుందో మన పొలాల్లోనే కొలవాలి.

కొలిచేలోగా చేయదగ్గవి ఉన్నాయి. గట్టు మీద గడ్డిమందు కొట్టడం మానితే ఖర్చూ మిగులుతుంది. పత్తి, మిరప చుట్టూ కంది, నువ్వు, బంతి నాలుగు సాళ్లు వేస్తే పూత వరసలో ఒక ఖాళీ పూడుతుంది. ఎండుకొమ్మలన్నీ పొయ్యిలోకి తోయకుండా ఒక మూల కుప్ప ఉంచితే తుమ్మెదకు ఇల్లు. పూత మీద పురుగుమందు కొట్టకపోవడం మంచిది. తప్పదంటే దోస, పుచ్చ, పొద్దుతిరుగుడుకు సాయంత్రం కొట్టాలి. బీర, సొరకు ఆ సాయంత్రపు సూత్రం పనికిరాదు, వాటి పువ్వు విచ్చుకునేదే అప్పుడు. విత్తనానికి పట్టించే ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు మొక్క ఒంట్లోకి ఎక్కి పుప్పొడిలోనూ తేనెలోనూ తేలతాయి. యూరోపియన్ యూనియన్ 2018లో ఈ జాతి మందులు మూడింటిని ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. మన దగ్గర పత్తి విత్తనానికి అవి మామూలే.

రైతు ఒక్కడి వల్ల కానిది ఒకటుంది. డొంక, చెరువుకట్ట, వాగు ఒడ్డు, గుట్ట ఎవరి పట్టాలోనూ లేవు. అవి పోతే నష్టం అందరికీ పడుతుంది, కాబట్టి ఎవరికీ పడనట్టే ఉంటుంది. బీడును పనికిరాని నేలగా రాసుకున్న లెక్క తప్పు, కూరగాయ దిగుబడిలో దానికి వాటా ఉంది. మీ ఊరి గ్రామసభలో గుట్ట లీజు గురించో, డొంక కలుపుకోవడం గురించో, కట్ట మీద చెట్ల గురించో తీర్మానం వచ్చిన రోజున ఊరికే వెళ్లకండి. అక్కడ ఏ మొక్క ఏ నెలలో పూస్తుందో, దాని మీద ఏ ఈగ వాలుతుందో, అర కిలోమీటరు లోపు ఎవరెవరి కూరగాయ చేలున్నాయో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ కాగితాన్ని సభలో చదివి వినిపించి, తీర్మానంలో చేర్చమని అడగండి.